మీరు పెట్టిన చోటే మీటలు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున సంవత్సరీకం కానిచ్చి, సాయంత్రం మండపేటలో హరికథకి మన మైకుసెట్టు నేనే తీసుకెళ్ళాను.

సన్నటి శబ్దాన్నీ బొంగురు శబ్దాన్నీ విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ మీద పైకీ కిందకీ జరిగే ఆ మీటల్ని ఇన్నాళ్ళూ మీరు పెట్టిన చోటే ఉంచాను. ఆరుబయట పందిళ్ళలో ఎక్కడా ఇబ్బంది రాలేదు. ఈసారి కథ రైసుమిల్లు రేకుల షెడ్డులో. హరిదాసుగారు రాగం ఎత్తుకోగానే మైకు కుయ్యిమని కూసింది. వాల్యూం తగ్గిస్తే కూతతోపాటు ఆయన గొంతూ పోయింది.

"ఏవమ్మా, మీ ఆయనుంటే ఇలా అయ్యేదాండీ?" అన్నారాయన, మైకులోనే.

ఒళ్ళు మండిపోయింది. మీరుంటే ఏం చేసేవారో నాకు తెలీదా? ఒక్కో మీటా కాస్త పైకి తోసి చూశాను. దేనికి కూత పెరిగిందో దాన్ని బాగా కిందకి లాగాను. పక్కవి కూడా సర్దాను.

"ఇప్పుడు ఎత్తుకోండి" అన్నాను.

ఆయన గొంతు చివర కూర్చున్న ముసలాళ్ళ దాకా వెళ్ళింది. వన్స్‌మోర్ అని అరిచారు.

ఇంటికొచ్చి చూస్తే, మీటలు జరిగిపోయిన చోట దుమ్ము పట్టని మచ్చలు, మీరు పెట్టిన వరసలోనే ఉన్నాయి. కాసేపు చూసి, కొంగుతో తుడిచేశాను.

రేపు కడియంలో పెళ్ళి. ఆ హాలు ఏ మీట దగ్గర కూస్తుందో వెళ్ళి వినాలి.