మూడుసార్లు జల్లించిన పొడి

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మాయ్,

నువ్వు అక్కడ గొట్టాలు మోస్తూ, నిచ్చెనలెక్కుతూ బాగానే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. మంటలార్పే కొలువంటే మాటలా మరి. మీ శిక్షణలో ఫోను ఆదివారం పది నిమిషాలే ఇస్తారట కదా. అందులో తొమ్మిదిన్నర మీ అమ్మకే చాలవు. మిగిలిన అర నిమిషంలో నేను గొంతు సవరించుకునేలోపు గంట కొట్టేస్తారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. గోడలకు పూత పూసే చెయ్యి ఇది, అక్షరాల్లో ఎత్తుపల్లాలుంటే సర్దుకో.

నీ డెగూలు మూడూ క్షేమం. బొండు తింటోంది, చిట్టి చక్రంలో పరిగెడుతోంది, సైరన్ ఎప్పటిలాగే చీటికీ మాటికీ ఈల వేస్తోంది. మొన్న కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన పంజరం చూసి, "ఎలుకల్ని పెంచుతున్నారేంటి మేస్త్రీ?" అన్నాడు. ఎలుకలు కావయ్యా, డెగూలు, ఎక్కడో కొండల్లో పుట్టిన జాతి, తోక చివర ఆ కుచ్చు చూడు, తోక పట్టి లాగితే తొక్క ఊడి చేతికొస్తుంది, దూరంగా ఉండు అని పావుగంట పాఠం చెప్పాను. అంతా నువ్వు మీ అమ్మకు చెబుతుంటే విన్నదే. పాపం, ఆయన కుళాయి సగం బిగించి పారిపోయాడు.

నేను మీ అమ్మను పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో నువ్వు నన్ను ఒక్క మాట అన్నది లేదు. ఒక్క పని చెప్పిందీ లేదు. మంచినీళ్లు కావాలన్నా నన్ను దాటి వెళ్లి తెచ్చుకునేదానివి. అలాంటిది బయల్దేరే రోజు పంజరం తాళం మీ అమ్మకు కాకుండా నా చేతిలో పెట్టి "మీరు చూసుకోండి" అన్నావు. ఆ రోజంతా పనిలో ఈల వేస్తూనే ఉన్నానని మా వాళ్లు నవ్వారు. సైరన్‌కు నా గాలి సోకిందో, నాకు దానిది సోకిందో.

వాటి స్నానానికి నువ్వు కొన్న ఇసుక అయిపోయింది. దానికంటే మేలైనది ఏర్పాటు చేశాను. నువ్వేమీ బెంగపెట్టుకోకు.

ఉంటాను,
మేస్త్రీ


బుధవారం, పనిలోంచి వచ్చాక

అమ్మాయ్,

పదిరోజుల కిందట నేను రాసిన ఉత్తరం చించెయ్. క్షేమం అని రాసే వేళకే బొండు వీపు మీద తెల్లగా పొట్టు రాలుతోంది. చిట్టి గీరుకుని గీరుకుని పొట్ట ఎర్రగా చేసుకుంది. సైరన్ మెడ మీద రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది, ఈల వేయడం మానేసి అప్పటికే నాలుగు రోజులైంది. అవన్నీ ఎదురుగా పెట్టుకుని నీకు ఆ ఉత్తరం రాశాను. నీ ముందు ఈ ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియక రాశాను.

కారణం నేనే. డెగూలకు నీళ్ల స్నానం పడదు, మెత్తటి ఇసుకలో దొర్లితే ఒంటి జిడ్డు పోతుంది అని నువ్వు చెప్పావు. ఇసుక అయిపోయింది. కొనబోతే ఆ కొట్టు వారం రోజులు మూసేసి ఉంది. ఉన్న మాట చెప్పాలంటే, తెరిచి ఉన్నా నేను ఆ ఇసుక కొనేవాణ్ణి కాదేమో. మొదటిసారి వేళ్ల మధ్య నలిపి చూసినప్పుడే అది నాకు గరుకుగా తగిలింది. ముప్పై ఏళ్లుగా నునుపు చేయడమే నా పని. గరుకు తగిలితే నా చెయ్యి ఊరుకోదు. పై కప్పులకు వాడే తెల్లటి జిప్సం పొడి కొత్త బస్తా విప్పి, పలచటి గుడ్డలో మూడుసార్లు జల్లించి గిన్నెలో పోశాను. అవి దొర్లుతుంటే పంజరం ముందు పీట వేసుకుని కూర్చుని మురిసిపోయాను. అమ్మాయి తెచ్చినదానికంటే నాదే మేలు అనుకున్నాను చూడు, అక్కడ పడింది నా అతితెలివికి దెబ్బ.

పొట్టు రాలడం మొదలయ్యాక అయినా బుద్ధి తెచ్చుకున్నానా? లేదు. ఎండిన చెక్కకు నూనె రాస్తాం కదా అని వంటనూనెలో గుడ్డ ముంచి మూడింటికీ రాశాను. ఆ నూనె మీద ఆ పొడి అంటుకుని బొచ్చు గడ్డలు కట్టింది. చిట్టి నావైపు చూసిన చూపు నేను చచ్చినా మర్చిపోను. మీ అమ్మ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి, నూనె సీసా పంజరం పక్కన చూసి, నన్ను కళ్లతోనే ఉతికి ఆరేసింది. తర్వాత పంజరాన్ని దుప్పటిలో చుట్టి, తనే దగ్గరుండి నన్ను పశువుల డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది.

డాక్టరు పొడిని వేలి మీద వేసుకుని చూశాడు.

"ఇదేం పొడండీ?"

"జిప్సం. మొదటి రకం."

"నీళ్లు తగిలితే ఏమవుతుంది?"

"గట్టిపడుతుంది."

"మరి వాటి ఒంట్లో చెమ్మ ఉండదా?"

అమ్మాయ్, ముప్పై ఏళ్లుగా ఆ పొడి తడినంతా ఎలా లాగేసుకుంటుందో చూస్తున్నవాణ్ణి నేను. నా వేళ్లే బీటలు వారి ఉంటాయి. ఆ సంగతి వేరే మనిషి అడిగేదాకా నాకు తట్టలేదు. తల కొట్టేసినట్టయింది. ఊపిరితిత్తుల్లోకి పోకపోవడం అదృష్టమన్నాడు. చర్మం కాస్త గీకి భూతద్దం కింద పెట్టి చూశాడు, పురుగులేమీ లేవట. నూనెలూ సబ్బులూ వాటి దరిదాపులకు తేవద్దన్నాడు. అసలైన ఇసుకే, అదీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఆ తర్వాత గిన్నె తీసెయ్యాలట. గదిలో గాలి మరీ పొడిగా ఉందని పంజరం పక్కన వెడల్పు గిన్నెలో నీళ్లు పెట్టమన్నాడు. ఎండుగడ్డి దండిగా వేసి, రోజుకు నాలుగైదు అవిసె గింజలు ఇమ్మన్నాడు. బొండు చెవి వెనక ఒక మచ్చ చూపించి, "ఇది మీ పొడికంటే పాతదండీ, నెల పైమాటే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మా అమ్మాయి వాటిని కంటికి రెప్పలా చూసుకుంటుంది, మీరు పొరబడ్డారు, ఉన్న తప్పంతా నాదే అని చెప్పాను.

ఇప్పటికి తొమ్మిది రోజులైంది. పంజరం అడుగున నల్లగుడ్డ పరుస్తున్నాను. పొద్దున తీసి దాని మీద ఎంత పొట్టు రాలిందో లెక్కపెట్టి గోడ మీద పెన్సిలుతో వేస్తున్నాను. మొదటి రోజు లెక్కకు అందలేదు. నిన్న పద్నాలుగు. ఈవేళ పదకొండు. సైరన్ మెడ మీద సన్నగా నూగు వస్తోంది. ఈవేళ పొద్దున నేను తలుపు తీయగానే ఒక్కసారి ఈల వేసింది. చిన్నదే, కానీ వేసింది. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడం మర్చిపోయి వీధిలోకి వెళ్లిపోయాను.

అయినా ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ డాక్టరు దగ్గరకే వచ్చే ఒక టీచరమ్మగారు ఆరు డెగూలను పెంచుతున్నారు, పద్ధతి తెలిసిన మనిషి. నీ శిక్షణ అయ్యేదాకా వీటిని కూడా తన దగ్గర ఉంచుకుంటానన్నారు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వచ్చి తీసుకెళతారు. నా చేతులు గోడలకే పనికొస్తాయి. నువ్వు నమ్మి అప్పగించిన మొదటి పనిని నేను ఇలా చేశాను. రెండోసారి తప్పు చేస్తే అవి తట్టుకోలేవు. నువ్వు వద్దంటే ఆపుతాను, కోప్పడితే పడతాను. ఏదో ఒకటి రాయి.

మేస్త్రీ


శుక్రవారం, భోజనాల వేళ

మేస్త్రీ గారికి,

టీచరమ్మగారిని రావద్దని చెప్పండి. ముందు ఆ పని చేసి వచ్చి, తర్వాత మిగతాది చదవండి.

డాక్టరు పొరబడలేదు. బొండు చెవి వెనక మచ్చ నేను బయల్దేరడానికి నెల ముందే వచ్చింది. పొట్టు కూడా అప్పటి నుంచే కొద్దికొద్దిగా రాలుతోంది. ఈ ఉద్యోగం పరీక్షలకు పరిగెత్తే హడావిడిలో వాటిని బయటికి తీసి ఆడించే తీరిక లేక, ఇసుక గిన్నె పొద్దున పెడితే సాయంత్రం దాకా అలాగే వదిలేసేదాన్ని. దొర్లుతూ ఉంటే గొడవ చేయవని. రోజంతా దొర్లితే చర్మం ఎండిపోతుందని నాకు తెలుసు. తెలిసీ వదిలేశాను.

అమ్మకు చెబితే "వీటిని ఇలా పెట్టుకుని ఎలా వెళ్తావే, ఈ ఏడాదికి ఆగు" అంటుందని భయపడ్డాను. అమ్మ వార్డులో రోజూ రోగుల ఒళ్లు చూసే మనిషి, పంజరం తెరిచి చూస్తే చాలు, పట్టేస్తుంది. అందుకే తాళం మీ చేతికిచ్చాను. మీరైతే గమనించరనుకున్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ మీరు నిజం రాశాక నేను దాచుకుంటే నాకు అన్నం సహించదు. ఆ రోజు నేను నమ్మి ఇవ్వలేదండీ. మీరు సరిగ్గా చూడరని ఇచ్చాను. మీరేమో నల్లగుడ్డ పరిచి లెక్కపెట్టారు. పైగా ఆ డాక్టరుతో నా తరఫున పోట్లాడారు. అది చదివి బట్టలారేసే మేడ మీదకు వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

జిప్సం సంగతికి మాత్రం మా గదిలో అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. మూడుసార్లు జల్లించారా? మీరు తప్ప ఇంకెవరూ ఆ పని చేసి ఉండరు. డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. సైరన్‌ను మెడ దగ్గర ముట్టుకోవద్దు, దానంతటది మీ అరచేతిలోకి వచ్చేదాకా ఆగండి. రాకపోదు. గోడ మీద లెక్క చెరపకండి, నేను వచ్చి చూడాలి.

ఇంకొక సంగతి ఉంది. అమ్మకు చెప్పలేదు, ఇక్కడ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. నాలుగంతస్తుల నిచ్చెన పరీక్షలో నేను రెండుసార్లు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయాను. కాళ్లు కదల్లేదు. కింద అందరూ చూస్తుండగా నన్ను పట్టుకుని మెట్టు మెట్టుగా దింపారు. ఇరవయ్యో తారీఖున మూడోసారి ఎక్కాలి, అదే ఆఖరు. అప్పుడూ ఆగిపోతే సామాను సర్దుకుని ఇంటికి రావడమే.

మీరు ముప్పై ఏళ్లుగా వెదుళ్లతో ఎత్తుగా కట్టిన సారువ పలక మీద నిలబడి తల పైకెత్తి పని చేస్తున్నారు. మీ కాళ్లు ఎప్పుడైనా వణికాయా? వణికితే ఏం చేశారు? ఏం కాదు, ధైర్యంగా ఉండు అని మాత్రం రాయకండి, అది ఇక్కడ ప్రతివాళ్లూ అంటున్నారు. చేతులు ఎక్కడ పెడతారు, చూపు ఎక్కడ నిలుపుతారు, పలక ఊగినప్పుడు ఊపిరి ఎలా తీసుకుంటారు, కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేర్పినట్టు ఒక్కొక్కటీ రాయండి. ఇరవైలోపు నాకు అందాలి. మీరు ఎలా రాస్తే అలా ఎక్కుతాను.

ఇట్లు,
అమ్మాయి