ముందు గదిలోని పెడల్ గిటార్

రంగారెడ్డి జిల్లా, ఉప్పల్ మండలం, నాచారం కాపురస్తురాలిని, కీర్తిశేషులు పోశయ్య భార్యను, యాభై ఆరేళ్ల సారలమ్మ అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, మంచిచెడ్డలు తెలిసిన స్థితిలో రాయించిన వీలునామా ఇది. దస్తావేజులు రాసే బుచ్చిరాములు గారు ఈ చోట "నిలకడైన మనసుతో" అని రాశారు. ఆ మాట కొట్టేయించాను. బుద్ధి నిలకడగానే ఉంది, ఎవరికి ఏమివ్వాలో తెలుసు. మనసు మాత్రం రెండు వారాలుగా ఒక్కచోట నిలవడం లేదు. ఈ నాలుగు మాటలు చెప్పేలోపే రెండుసార్లు కుర్చీలోంచి లేచాను.

ఎల్లుండి గురువారం నా వెన్నుపూస దగ్గర పెరిగిన గడ్డను కోసి తీస్తారు. తీయకపోతే ఆరు నెలల్లో రెండు కాళ్లూ పడిపోతాయట. తీస్తే నడుస్తానో లేదో, అసలు ఆ బల్ల మీది నుంచి లేస్తానో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు. అందుకని నేను చనిపోతే ఏం చేయాలో మొదటి ఆరు అంశాల్లోనూ, చనిపోకుండా కాళ్లు మాత్రమే పోతే ఏం చేయాలో ఏడో అంశంలోనూ రాయించాను. తొందరలో ఉన్నవాళ్లు ఏడోది ఒక్కటి చదివినా చాలు.

1. నాచారంలో నేను కాపురముంటున్న రెండు గదుల ఇల్లు, వంటగది, మెట్లు, మెట్ల కింద జాగాతో సహా నా ఒక్కగానొక్క కొడుకు ఉపేందర్‌కు చెందాలి. వాడు లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు. తాగడు, ఎదురు మాట్లాడడు, నా మందులు వేళకు తెస్తాడు. ఈ వీలునామా రాయించవలసి వచ్చింది కూడా వాడి మంచితనం వల్లే. ఆ సంగతి కింద వస్తుంది.

2. నా కుట్టు మిషన్ త్రివేణికి చెందాలి. ఒక ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో నేను పంతొమ్మిదేళ్లు చొక్కా కాలర్లు కుట్టాను. త్రివేణిది పక్క మిషన్. పాత మిషన్లు తీసేసిన రోజు నాది నేను ఇంటికి తెచ్చుకున్నాను. దాని కింద కుడి మోకాలి పక్కన ఒక రేకు ఉంటుంది. మోకాలితో దాన్ని పక్కకు నెడితే బట్టను నొక్కిపట్టిన ఇనుప పాదం పైకి లేస్తుంది. పెడల్ మీద మడమ వెనక్కి నొక్కితే దారం తెగుతుంది. వరుస కుట్టు అయిపోగానే మడమా మోకాలూ రెండూ ఒకేసారి కదలాలి. పంతొమ్మిదేళ్లు రోజంతా అదే పని. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే నాలుగో అంశం అర్థమవుతుంది.

3. మా లైన్ సూపర్‌వైజర్ రాజయ్యకు ఏమీ రాయడం లేదు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని మొదటిసారి చెప్పిన రోజు ఆయన నలుగురిలో "కూసోని చేసే పనికి కాళ్ల నొప్పులేందమ్మా" అని నవ్వాడు. బతికినా చచ్చినా నా తరఫున ఆయనకు కబురు పంపవద్దు. తనంతట తానే వస్తే టీ ఇవ్వండి, కుర్చీ మాత్రం వేయకండి.

4. ముందు గదిలో ఉన్న పెడల్ గిటార్ నా సొంతం. ఎలా సొంతమైందో రాయకపోతే రేపు ఎవరైనా అడుగుతారు కాబట్టి రాయిస్తున్నాను.

ఎదురింటి రామ్మోహనరావు గారిది తెనాలి. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా ఆర్కెస్ట్రాలో హవాయి గిటార్ ఒళ్లో పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించేవారు. కాళ్లతో కూడా వాయించే గిటార్ ఒకటుందని విని ముప్ఫై ఏళ్లు దాని కోసం కలవరించారు. 2009లో సికింద్రాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేస్తే అది ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఆయన మోకాళ్లు వంగడం మానేశాయి.

ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి మా ఇంటికొచ్చి, నా కాలి పని కాసేపు చూసి, "సారలమ్మ గారూ, నాక్కావలసిన మోకాలు మీ దగ్గరుందండీ" అన్నారు. పక్కనే ఆయన భార్య ఛాయాదేవి గారు నిలబడి ఉన్నారు. మర్నాటి నుంచి వాళ్లింట్లో పాఠాలు మొదలయ్యాయి. పాఠం జరిగినంతసేపూ ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని బియ్యం ఏరేవారు. వాళ్లింట్లో అన్ని బియ్యం ఎవరు తింటున్నారా అనుకునేదాన్ని.

ఆ గిటార్ చూడటానికి నాలుగు కాళ్ల బల్ల. పైన పది తీగలు. ఎడమచేత్తో కడ్డీని తీగల మీద జరపాలి, కుడిచేతి వేళ్లకు తొడుగులు పెట్టుకుని మీటాలి. కింద ఎడమకాలికి మూడు పెడళ్లు, మోకాళ్లకు నాలుగు మీటలు. తీగ మోగుతుండగానే పెడల్ తొక్కితే స్వరం పైకి పాకుతుంది, మీట నెడితే కిందికి జారుతుంది. కుడిపాదం కింద ఇంకో పెడల్ ఉంటుంది. మునివేళ్లతో నొక్కితే చప్పుడు పెరుగుతుంది, మడమ నొక్కితే ఆగిపోతుంది. మొదటి నెలంతా నా చేతులు ఒక ఊళ్లో, కాళ్లు ఇంకో ఊళ్లో ఉన్నాయి. కడ్డీ తీగల కింద గీసిన గీతకు అరవెంట్రుక ఇటైనా అటైనా ఏడుపు శబ్దమే. అయినా ఎదురుగా మా ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తున్నా లేవబుద్ధి కాలేదు.

రెండో నెలలో ఒక జబ్బు పట్టుకుంది. ప్రతి వరుస చివరా స్వరం జారి, చప్పున ఆగిపోయేది. రామ్మోహనరావు సార్ లోపం గిటార్‌లోనే ఉందనుకున్నారు. మూడు వారాలు దాని కింద పడుకుని పెడళ్ల కడ్డీలకు నూనె వేశారు, వైర్లు మార్చారు, స్ప్రింగులు ఊడదీసి మళ్లీ బిగించారు. ఒకనాడు త్రివేణి వచ్చి, ఒక్క వరుస విని, నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "అక్కా, నువ్వు దారం కత్తిరిస్తున్నవ్!" అంది. వరుస అయిపోగానే నా మోకాలు పక్కకు, మడమ వెనక్కి పోతున్నాయి. సార్ నూనె చేతులతో నెత్తి కొట్టుకున్నారు. ఆ రోజు నుంచి వరుస చివరికి రాగానే "బట్ట అయిపోలేదమ్మా, ఇంకా మూరెడుంది" అనేవారు. ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది.

2011లో సకల జనుల సమ్మె జరిగిన నలభై రెండు రోజులు నేను ఊరేగింపులకు వెళ్లాను, సార్ తలుపు తీయలేదు. నలభై మూడో రోజు తీసి, "మమ్మల్ని పొమ్మంటే ఎక్కడికి పోతామండీ" అన్నారు. "మిమ్ముల ఎవలు పొమ్మన్నరు సార్? పాఠం చెప్పుండ్రి" అన్నాను. ఇంకో రెండు మాటలు మాట్లాడవలసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరుసటి ఏడు ఆయన పోయారు. నెల తిరగకుండా ఛాయాదేవి గారు గిటార్‌ను నలుగురి చేత మోయించి మా ఇంట్లో పెట్టించారు. "ఇది నోరు మూసుకుని కూర్చుంటే ఇంట్లో ఉండలేకపోతున్నాను. వాయించు, నాకు వినబడేలా వాయించు" అన్నారు. కాబట్టి ఇది దానంగా నాకు సంక్రమించింది.

5. చొక్కా గుడ్డ ముక్కలతో నేను కుట్టిన పెద్ద బొంత ఛాయాదేవి గారికి చెందాలి. ఆవిడ కాపలాకే కూర్చున్నారో, పాట వినడానికే కూర్చున్నారో నాకు చివరిదాకా తెలియలేదు. తప్పు స్వరం పడితే మాత్రం సార్ కంటే ముందు బియ్యం చేట ఆగేది.

6. నేను చనిపోతే ఆ గిటార్ ఉపేందర్ ఇష్టం. ఘట్‌కేసర్ కాలేజీలో పాటల బృందం ఉంది, వాళ్లకు ఇస్తానంటున్నాడు. ఇవ్వనీ. చచ్చాక నాకు దాని మీద పట్టుదల లేదు. ఈ ఆరు అంశాలు అమలు చేయించే బాధ్యత త్రివేణిది.

7. నేను బతికి, కాళ్లు రాకపోతే.

పోయిన ఆదివారం ఉపేందర్ టేపు తెచ్చి ముందు గది కొలిచాడు. మంచం ఇక్కడ, చక్రాల కుర్చీ తిరగడానికి జాగా ఇక్కడ అని నేల మీద సుద్దతో గీశాడు. ఆ గీతల్లో గిటార్ లేదు. అడిగితే నా మొహం చూడకుండా, "నువ్వు దవాఖానలకెళ్లి వచ్చేసరికి అది కండ్లముంగట ఉండొద్దమ్మా. సూస్తే నీ పాణం ఉసూరుమంటది" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు అన్నంత పనీ చేస్తాడు. నేను మత్తులో ఉండగానే, నా మీద ప్రేమతోనే, దాన్ని ఘట్‌కేసర్ ఎక్కించేస్తాడు. నాకు కత్తికంటే అదే భయంగా ఉంది.

నాట్లప్పుడు మా అమ్మ పాడిన పాట ఒకటుంది. నాలుగు వరుసలు. మూడు వరుసలు వాయించగలను. నాలుగో వరుసలో ఎడమపాదంతో రెండు పెడళ్లు కలిపి తొక్కి, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వదలాలి. ఆ పాదానికే స్పర్శ తగ్గుతోంది. డాక్టరు తేదీ చెప్పినప్పటి నుంచి కూర్చోలేక, పడుకోలేక ఆ ఒక్క వరుస మీదే పడ్డాను. నిన్న సాయంత్రం పదకొండుసార్లు ప్రయత్నించాను. పదకొండుసార్లూ పాదం ముందే జారింది.

కాళ్లు పోతే నాలుగో వరుస అలా రాదు. అయితే రామ్మోహనరావు సార్ ముప్ఫై ఏళ్లు ఒక్క పెడల్ లేకుండానే వాయించారు. కడ్డీని ఏటవాలుగా తిప్పితే కొన్ని స్వరాలు దొరుకుతాయి, నాకు ఆ పని రాదు. నేర్చుకుంటాను. మళ్లీ మొదటి నెల లాగే ఏడుపు శబ్దాలు వస్తాయి. మళ్లీ తప్పులు వాయించే హక్కు నాకుంది. కాబట్టి నేను బతికి ఉండగా, నా కాళ్లు ఉన్నా లేకపోయినా, ఆ గిటార్‌ను ముందు గదిలోంచి ఎవరూ, ముఖ్యంగా నన్ను ప్రేమించేవాళ్లు, కదిలించకూడదు.

ఇక్కడ బుచ్చిరాములు గారు కలం పక్కన పెట్టారు. "వీలునామా సచ్చినంకనే చెల్లుతదమ్మా. నువ్వు బతికుంటే గీ ఏడోది ఉత్త కాగితమే" అన్నారు. "అంటే నా మాట చెల్లాలంటే నేను సావాల్నా?" అన్నాను. ఆయన బయటికెళ్లి టీ తాగి వచ్చి, మిగతాది రాశారు. చట్టంలో చెల్లకపోతే నా కొడుకు దగ్గర చెల్లితే చాలు. అందుకే ఈ కాగితం బీరువాలో పెట్టకుండా ముందు వాడికే ఇస్తున్నాను.

పైన రాసినదంతా చదివించుకుని, విని, నా మాటలేనని ఒప్పుకుని, 2014 మే నెల 27, మంగళవారం నాడు నాచారంలో నా ఇంట్లో చేవ్రాలు చేశాను. ఏ రాష్ట్రమని రాయాలో తోచక బుచ్చిరాములు గారు నన్నే అడిగారు. కొత్త రాష్ట్రం వచ్చే సోమవారం వస్తుంది, నా ఆపరేషన్ గురువారమే అయిపోతుంది. అందుకని పాత పేరే వేయించాను: ఆంధ్రప్రదేశ్.

చేవ్రాలు: సారలమ్మ

సాక్షులు:
1. హన్మయ్య, కిరాణా దుకాణం, నాచారం
2. శాంతాబాయి, పూల వ్యాపారం, ఉప్పల్

రాసినవారు: బుచ్చిరాములు, దస్తావేజు లేఖరి, ఉప్పల్

(కింద వేరే చేతిరాతతో)

అమ్మా, ఏడోది రెండుసార్లు సదివిన. గిటార్ ఆడ్నే ఉంటది, మంచం ఇంకో గోడకు ఏస్త. పొద్దుగాల ఆరింటికే షురూ చెయ్యకు, జర ఏడు దాటనియ్యి.
ఉపేందర్