నీ మంచం మీద కొత్తవాడు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఈ దేశం కాని దేశంలో, రిగ్గైలోని మన రూములో నీ మంచం మీదకి ఈమధ్యే అమలాపురం వైపు నుంచి ఒకడొచ్చాడు, షువైఖ్‌లో గ్యారేజీ పని. ఇవాళ పొద్దున్నే ఫోన్లో కాసినో తెరిచి, రూలెట్ చక్రం తిప్పుతూ నాకు పాఠం మొదలెట్టాడు. ఎరుపు మీద ఒక దినార్ కాయాలంట. పోతే రెండు, అదీ పోతే నాలుగు. ఎప్పటికైనా ఎరుపు రాక చస్తుందా, వచ్చిందంటే పోయిందంతా తిరిగొచ్చి పైన ఒక దినార్ లాభమంట. అదేదో వాడే కనిపెట్టినట్టు!

నీకు చెప్పినట్టే వాడికీ నోరు నొప్పెట్టేలా చెప్పాను. "ఒరేయ్, ఎంత పెద్ద పందెం గెలిచినా నీకు మిగిలేది ఆ ఒక్క దినారే. వరసగా ఏడెనిమిదిసార్లు పోయిందంటే జీతం ఖలాస్, ఆపై పందేనికి చేతిలో ఏమీ ఉండదు. ఇందాక నువ్వు ఓడిపోయావని ఆ చక్రానికి గుర్తుంటుందా?"

నవ్వాడు. రోజూ గెలుస్తున్నాడు కదా మరి. ఆ దినార్‌తో కింద హోటల్ నుంచి రూమంతటికీ టీ తెప్పించాడు. నువ్వూ అంతే చేసేవాడివి.

ఒళ్ళు మండి నీ సంగతంతా చెప్పేశాను. జీతమంతా ఆ చక్రమే మింగేసిందని, నువ్వు తెప్పించిన టీ తాగిన మేమే నీ శవపెట్టెని ఊరికి పంపడానికి తలా కొంత వేసుకున్నామని. వాడు గ్లాసు పక్కన పెట్టేశాడు. హమ్మయ్య, దారికొచ్చాడనుకున్నాను.

"అయ్యో, ఆయన దగ్గర ఇంకొక్క పందేనికి డబ్బులుండుంటే పోయిందంతా వచ్చేసేదన్నా," అన్నాడు.

అదే మంచం మీంచి, అచ్చం నీ మాటే బావా. నా టీ ముట్టుకోకుండా డ్యూటీకి వచ్చేశాను.