ఎగిరే ముందు పది నిమిషాలు

పద్మప్రియక్కకు,

నా ఆయాసం తగ్గిందా అని అడిగావు. తగ్గింది. డాక్టరమ్మ చెప్పినట్టే ఇన్‌హేలర్ పీల్చి, పది నిమిషాలు మెల్లగా నడిచాకే పరుగెత్తుతున్నాను. వేళ్లు ఆడేంత జాగా ఉన్న మెత్తటి బూట్లు కూడా కొనుక్కున్నాను.

మొన్న ఫిల్మ్‌నగర్‌లో పాట షూటింగుకు అవే వేసుకుని వెళ్లాను. గ్రూపు డాన్సులో ఎగిరే ముందు, నా ఆయాసం సంగతి చెప్పి, నడవడానికి ఆ పది నిమిషాలు ఇమ్మని డాన్స్ మాస్టరును అడిగాను. "ఏందమ్మా, పేషెంట్లకు గీడ ఏం పని?" అని అందరి ముందూ అని, ఇంటికి పంపేశాడు. ఆ రోజు నాకు ఒక్క దగ్గు కూడా రాలేదక్కా. ఇన్నేళ్లూ ఆయాసం దాచుకుని సెట్టు పొగలో ఎగిరితే "మస్తు చేస్తున్నవ్" అన్నదీ ఆయనే.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్‌కీపింగ్ పనికి కుదిరాను. జబ్బులేమైనా ఉన్నాయా అని ఫారంలో అడిగారు. లేవని రాశాను.

నీ చెల్లెలు