ముందు దిగినవాడు

సోమవారం

పనికని లడఖ్ పోయి, అక్కడ మంచు మీద హాకీ ఆడుతూ నా బిడ్డ మద్దిలేటికి ముందు పళ్లు రాలిపోతే, ఇంక ఆడనని నా తల మీద ఒట్టు వేయించుకున్నది నేనే. నా మాట విని అక్కడే పిల్లలకు కోచ్ అయ్యాడు. వాడు చనిపోయాక, వాడి దగ్గర నేర్చుకున్న పాప ఈ రోజు ఫోన్ చేసింది. ఆ హిందీ మాటలు పక్కింటి ఖాజాబీ విని చెప్పింది.

"చెరువు మీద మంచు గట్టిగా ఉండాదో లేదో అని దినామూ సారే ముందు దిగుతాండెనంటక్కా. ఆ పొద్దు అది పగిలి లోపలికి పోయినాడంట. లేకుంటే మేమే మునిగేవాళ్లమని ఏడుస్తాంది."

ఖాజాబీ మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకుంది.

"అట్లాంటి సారును మాకిచ్చినావు, నీకు దండమమ్మా అంటాంది. ఏమన్నా చెప్పక్కా."

ఏం చెప్పను? వాడిని ఆడనిచ్చి ఉంటే, కోచ్‌గా ఆ రోజు ముందు దిగేది ఇంకొకరి కొడుకు. అట్లా అనుకోవడం పాపమే. అయినా అదే అనుకుంటున్నాను.