ఓవర్సీయరు గారికి పరిచిన దుప్పటి

పెడన, 1961, శుక్రవారం

మేం అద్దకం బట్టలు ఉతికే కాలవలోకి పంచాయతీ ఆఫీసువాళ్ళు ఊరి మురుగుని మళ్ళించినప్పటి నుంచీ రంగులు మసకబారుతున్నాయి, బట్టకి కంపు వదలడం లేదు. నెలల తరబడి మొత్తుకుంటే ఇవాళ ఆ ఆఫీసు ఓవర్సీయరు వచ్చాడు. ఇంటికొచ్చినవాళ్ళకి ఉతికిన దుప్పటి పరవడం మా అలవాటు కదా, నాన్న ఆ కాలవలో జాడించినదే పరిచారు. ఓవర్సీయరు ముక్కు మూసుకుని నిలబడిపోయాడు.

"కూర్చోండి బాబూ! కొన్నవాళ్ళు దీన్నే కప్పుకోవాలి కదండీ," అన్నారు నాన్న.

పాపం, ఆయన తల దించుకున్నాడు. "ఎన్నిసార్లు చెప్పినా పైవాళ్ళు వినరండీ. ఇది ఇవ్వండి, రేపు మా పెద్దాయన కుర్చీలో పరుస్తాను," అన్నాడు.

మడతపెట్టి ఇచ్చాను. సైకిలెక్కబోతూ, "నాకు నలుగురు పిల్లలండీ," అన్నాడు నెమ్మదిగా.

పరిస్తే బాగుండు. పరవకపోతే మాత్రం ఆయన్ని తిట్టలేను.