ఎవరి మనిషిని వాళ్ళు వెతక్కూడదు

డెలానీపూర్,
12 జనవరి 2025

ప్రియమైన రాజకుమారికి,

భారతీదేవి ఆశీస్సులు. నీకంటే మూడు నెలలు పెద్దదాన్ని, ఆ హక్కు వదులుకోను. విశాఖలో నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను.

నిన్న మన దీవిలో ఓడలు ఆగే హాడ్డో జెట్టీ వైపు వెళ్ళాను. మనం స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో విశాఖ ఓడ వస్తోందంటే చుట్టాలున్నా లేకున్నా అందరం అక్కడే ఉండేవాళ్ళం కదా. ఓడలో వచ్చే పాత వారపత్రికల కోసం మనిద్దరం కొట్టుకునేవాళ్ళం. మీ ఆయన గణేశ్వరరావు అన్నయ్య మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ళ పెట్టెలన్నీ మోసిపెట్టి, ఇంటికి తేవాల్సిన మునక్కాడల కట్ట అక్కడే మర్చిపోయేవాడు. నువ్వు తిట్టిన తిట్లు తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ రోజుల మీద నాకింకా బెంగ తీరలేదు.

ఇక అసలు కబురు. ఇక్కడ విశాఖ ఓడెక్కిన అన్నయ్య కనబడకుండా పోయినప్పటి నుంచీ ఒక్కదానివే వెతికి అలిసిపోయావు. ఇప్పుడిక్కడ తప్పిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు, కాలేజీలో చెప్పే స్వాతి, నాలాంటి రిటైరైనవాళ్ళు కలిసి ఒక పరిశోధన బృందం కట్టాం. ఆదివారాలు అబర్డీన్ బజార్లో ఒక కొట్టు మేడ మీద కూర్చుంటాం.

మొదట్లో ఎవరి మనిషిని వాళ్ళే వెతికారు. మన స్కూలు గుమాస్తా తిరుమలరావు, రంగత్ ఊళ్ళో ఎవరో ఒకాయన్ని చూసి తప్పిపోయిన తమ్ముడే అనుకుని ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కొన్నాళ్ళు శుభ్రంగా చేపల పులుసు తిని, నేను మీ భాయ్‌ని కాదు భయ్యా, మీ ఏడుపు చూసి చెప్పలేకపోయాను అన్నాడట. నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. అప్పటి నుంచి ఒకటే నియమం. ఎవరి మనిషిని వాళ్ళు వెతక్కూడదు, పక్కవాళ్ళ మనిషిని వెతకాలి. ఆశ కళ్ళకు అడ్డం పడుతుంది మరి.

అన్నయ్య సంగతి ఆ తిరుమలరావే తీసుకున్నాడు. ఆ ఓడలో వెళ్ళినవాళ్ళను ఒక్కొక్కరినే అడుగుతూ పోతే బతు బస్తీలో యర్రమ్మ దొరికింది. ఫోటో చూడగానే, విశాఖలో నా ట్రంకుపెట్టె భుజాన వేసుకుని దింపి ఆటో ఎక్కించింది ఈ బాబే అంది. ఇన్నేళ్ళూ ఆమెను ఎవరూ అడగనే లేదట. మనం సముద్రాన్ని అనుమానిస్తూ కూర్చున్నాం రాజీ. ఆయన ఒడ్డున దిగాడు.

ఇక వెతకాల్సింది మీ వైపే. అక్కడ కూడా ఇలాంటి ఇళ్ళవాళ్ళను కూడగట్టు. అన్నయ్యను వాళ్ళు వెతుకుతారు. నువ్వు మాత్రం నియమం ప్రకారం ఇంకొకరి మనిషిని తీసుకోవాలి. విసుక్కోకుండా సరేనని రాయి.

నీ
భారతి

తా.క.: ఎవరి మనిషినని అడుగుతావు. మా అబ్బాయి శ్రీను చెన్నైలో ఓడల కంపెనీలో ఉన్నాడనీ, తీరిక లేక రావడం లేదనీ ఫోన్లో నీకు చెబుతూ వచ్చాను. కంపెనీ లేదు. వాడు ఇల్లు విడిచి నాలుగేళ్ళు దాటింది, కబురు లేదు. బృందంలో అందరి చేతా వాళ్ళ మనుషుల పేర్లు అడిగి అడిగి చెప్పించాను, వాడి పేరు మాత్రం నా నోట రాలేదు. వాణ్ణి నువ్వు వెతుకు రాజీ.